చేయదగిన దేమియు లేదను మాట



ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినప్పుడు వైద్యుని నోట మనము వినగోరు మాటలు రెండే: జబ్బు ఇది, మందు ఇది. ఈ రెండును గాక మూడవ మాట యొకటి కలదు. "ఇక మేము చేయదగిన దేమియు లేదు, ఇంటికి తీసికొని పొండు" అనునదే యా మాట. మూడేండ్ల క్రిందట మేము దానిని వింటిమి. ఆ మాట నిజము కాదని తెలిసికొనుటకు మాకు 26 దినములు పట్టినది. ఆ దినములలో ఒక పసిది పడిన బాధకు మా యజ్ఞానమును కొంత కారణమే. అట్టి యజ్ఞానము మఱియొక యింట నుండరాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది సబ్బవరము. అనకాపల్లి నుండి ఆనందపురము పోవు పెద్దరోడ్డు మీది యూరు. 2022 వ సంవత్సరము ఏప్రిలు వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను రోగుల దారి మారలేదు. జ్వరమునకు ఊరి డాక్టరుగారు, పెద్ద జబ్బునకు విశాఖపట్టణము.

మా అక్కగారు గతించిన పిదప ఆమె కుమార్తెకు పుట్టినిల్లు మా యిల్లే. ఆ కుమార్తెకు తొమ్మిదేండ్ల ఆడపిల్ల, అయిదేండ్ల మగపిల్లవాడు. ఆడపిల్ల మమ్ము చిన్నమ్మమ్మా యని పిలిచెడిది. ఒక వేసవిలో మోకాలు నొప్పి యనెను. బడిలో తొక్కుడుబిళ్ల ఆడి బెణికించుకొన్న దనుకొని మేము వెచ్చని నూనె రాచితిమి, ఉప్పు కాపడము పెట్టితిమి. వాపు తగ్గకపోగా రాత్రులు నొప్పి హెచ్చెను. పట్నము తీసికొనిపోగా ఎముకలో కాన్సరు అనిరి. అటుపై శస్త్రచికిత్స, జుట్టంతయు రాలిపోవు మందులు, పది నెలల రాకపోకలు. పదునొకండవ నెలలో జబ్బు ఊపిరితిత్తులకు ప్రాకినదని తెలిసెను. ఆ దినముననే వైద్యులు తల్లిని వెలుపలికి పిలిచి, మేము పైన వ్రాసిన మాట చెప్పిరి. చెప్పుచు ఆమె ముఖము వంక చూడలేదు. కాగితముల వంక చూచుచు చెప్పిరి. నొప్పికి మందేమి యని అడుగుట మాకు తోచలేదు, వారును చెప్పలేదు.

ఇంటికి వచ్చిన మూడవ రాత్రి నుండి నొప్పి మొదలయ్యెను. ఆ నొప్పి యెట్టిదో వర్ణించి చదువరులను బాధింప మాకు ఇష్టము లేదు. దుప్పటి అంచు కాలికి తగిలినను పిల్ల కేకవేయు చుండెడి దని చెప్పిన చాలును. మొదట ఏడ్చెను. పది దినముల పిమ్మట ఏడ్పు మానెను. గోడవైపు తిరిగి కదలక మెదలక పడి యుండెడిది. నొప్పి తగ్గినదని మేము సంతసించితిమి. నూకాలమ్మ తల్లికి మ్రొక్కిన మ్రొక్కు ఫలించినదనియు అనుకొంటిమి. అది నొప్పి తగ్గుట కాదనియు, ఏడ్చుటకు సైతము ఓపిక లేని బిడ్డ అట్లు బిగిసి పడియుండుననియు తరువాత తెలిసినది.

ఊరి డాక్టరుగారు మంచివారు. ముప్పది యేండ్లుగా మా యింటి పురుళ్లు, జ్వరములు అన్నియు వారి చేతిమీదుగా జరిగినవే. వారిని పిలిపించి ఇంతకన్న గట్టి మందు లేదా యని అడిగితిమి. "ఉన్నదమ్మా, మార్ఫీను. కాని యది నల్లమందు నుండి తీసినది. పసిపిల్లకు ఇచ్చితిమా, ఊపిరి నిలిచిపోవచ్చును, లేదా అలవాటు పడిపోవును. నాకు దానిని ఉంచు అనుమతియు లేదు. పారసిటమాలు వేయుచు దేవుని తలచుకొనుడు" అనిరి. ఇక కొద్ది దినములే బ్రదుకు నందురు, అలవాటు పడునని భయపడుదురు. ఈ రెండు మాటలకు పొందిక లేదని ఆ క్షణమున మా కెవరికిని తోచలేదు.

సంక్రాంతికి మా యెదురింటివారి మేనగోడలు వచ్చెను. ఆమె క్రొత్తగా వైద్యము చదివి ఉద్యోగములో చేరిన పిల్ల. చూడవచ్చి, బిడ్డ ప్రక్కన నేలమీద కూర్చుండి, తన ఫోనులో ఆరు ముఖముల బొమ్మ చూపెను. మొదటి ముఖము నవ్వుచుండును, ఆఱవది కన్నీరు కార్చుచుండును. "నీ నొప్పి వీనిలో ఏ ముఖము వంటిదమ్మా?" అని అడిగెను. పిల్ల తల త్రిప్పకయే ఆఱవ ముఖముపై వ్రేలుంచెను. పది నెలలలో ఎందఱో వైద్యులు ఆ పిల్ల రక్తమును, ఎముకను, ఊపిరితిత్తులను కొలిచిరి. నొప్పిని కొలిచిన వారు ఈమె యొక్కతెయే.

ఈ ముఖముల బొమ్మను అమెరికాలో డోనా వాంగ్, కానీ బేకర్ అను ఇరువురు స్త్రీలు 1980 దశకములో సిద్ధపఱచిరి. మూడేండ్లు దాటిన బిడ్డ దీనితో తన నొప్పి తాను చెప్పగలదు. మాటలు రాని శిశువు విషయమున ముఖము ముడుచుకొనుటయు, కాళ్లు బిగించుటయు, ఏడ్చు తీరును, ఎత్తుకొని ఊఱడించిన ఊఱట చెందునా లేదా యనునదియు చూచి నొప్పి కొలుతురు. ఇవి యన్నియు తల్లి కనులకు తెలిసినవే. వానికి ఒక లెక్క కలదని మాత్రము మన మెఱుగము.

ఆ డాక్టరు పిల్ల మాటపై మఱునాడే పట్నములో వేఱొక వైద్యశాలకు పోయితిమి. అక్కడ నొప్పి తగ్గించుటకే ప్రత్యేకించిన చిన్న విభాగ మొకటి కలదు. అచ్చటి వైద్యురాలు కుర్చీ దగ్గరకు లాగికొని కూర్చుండి మొదట పిల్లతోనే మాటాడెను. బరువు తూచి, దానికి తగినట్లు మార్ఫీను మోతాదు కట్టి, నాలుగు గంటల కొకమారు, నొప్పి వచ్చువఱకు ఆగక గడియారము చూచి వేయవలెననెను. దానితో మలబద్ధము తప్పదు గనుక విరేచనపు మందు మొదటి దినము నుండియు వ్రాసెను. మొదటి రెండు మూడు దినములు మగతగా నుండును, భయపడవల దనియు, మందు ఒక్కసారిగా మానరాదనియు చెప్పెను. ఊపిరి సంగతి మేము అడిగితిమి. తూకము ప్రకారము తక్కువతో మొదలిడి, చూచుచు క్రమముగా పెంచిన అట్టి ప్రమాదము మిక్కిలి అరుదు అనెను. అలవాటు సంగతియు అడిగితిమి. నొప్పికై వైద్యుని చేతిమీదుగా తీసికొను బిడ్డ, మత్తుకై వెదకికొను వాని వంటిది కాదనెను.

ఆ రాత్రి పిల్ల ఎనిమిది గంటలు నిదురించెను. మందు వేళకు లేపిన కన్ను తెఱచి మ్రింగి మరల నిదురించెను. తల్లియు మేమును ఊపిరి యాడుచున్నదా యని మాటిమాటికి చూచుచు కూర్చుంటిమి. తెల్లవాఱి లేచి, "అమ్మా, ఆకలి" అనెను. ఆ ఇంటిలో ఆ మాట విని నెల దాటినది. అనకాపల్లి బెల్లము వేసిన అట్టు ఒకటిన్నర తినెను.

ఈ వైద్యమునకు ఉపశమన వైద్యమని పేరు. డాక్టర్లు పాలియేటివ్ కేర్ అందురు. రోగమును కుదుర్చు వైద్యము కుదుర్పగా, లేక కుదుర్ప జాలనప్పుడును, నొప్పి, ఆయాసము, వాంతి, నిద్రలేమి, భయము, ఇంటివారి దిగులు అనువానిని తగ్గించుట దీని పని. లండనులో సిసిలీ సాండర్సు అను వైద్యురాలు 1967 లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును స్థాపించి దీనికి ఆధునిక రూప మిచ్చెను. ఆమె మొదట నర్సు, పిమ్మట డాక్టరు. బిడ్డలకై అట్టి మొదటి గృహము హెలెన్ హౌస్ అను పేర 1982 లో ఆక్సుఫర్డులో వెలసినది. దాని స్థాపకురాలు ఫ్రాన్సిస్ డొమినికా అను సన్యాసిని. 1998 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బిడ్డల ఉపశమన వైద్యమును నిర్వచించుచు ముఖ్యమైన మాట యొకటి చెప్పినది. ఇది కడపటి దినములకు దాచిపెట్టవలసినది కాదు. జబ్బు ఇదియని తేలిన దినముననే ఆరంభించి, కుదుర్చు వైద్యముతో పాటుగా నడువవలెను. కాన్సరునకే కాదు. పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు, మెదడు దెబ్బతిని కాలుసేతులు బిగిసిన బిడ్డలు, కండరములు క్రమముగా క్షీణించు జబ్బు, మన మన్యము బిడ్డలలో కానవచ్చు సికిల్ సెల్ రక్తవ్యాధి, వీని కన్నింటికి నిది చెల్లును.

మన దేశమున దీనికి పెద్ద త్రోవ చూపినది కేరళము. 1993 లో కోళికోడులో డాక్టరు రాజగోపాలుగారు, సురేశ్ కుమారుగారు మొదలగువారు ఆరంభించిన సంఘము నుండి ఈ సేవ ఊరూర ప్రాకినది. తెలుగునాట హైదరాబాదు రెడ్ హిల్సులోని ఎం.ఎన్.జె. కాన్సరు వైద్యశాలయందు డాక్టరు గాయత్రీ పాలట్ గారి పూనికతో పెద్దలకును పిల్లలకును ఉపశమన వైద్యము నడుచుచున్నది. మా ప్రాంతమున అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా కాన్సరు వైద్యశాల కలదు. ముంబాయిలోని వారి ఆసుపత్రియందే 2012 లో ఈ విద్యలో ఎం.డి. చదువు మొదలయ్యెను.

మఱి ఇంతటి విద్య లోకమున నుండగా మా ఊరి డాక్టరుగారు, పట్నపు వైద్యులు, దానిని మా కేల చెప్పలేదు? ఈ ప్రశ్న మమ్ము చాలదినములు వేధించినది. మొదట కోపగించుకొంటిమి. విచారింపగా కోపము కొంత తగ్గినది.

బిడ్డల నొప్పిని వైద్యశాస్త్రమే చాలకాలము నమ్మలేదు. శిశువుల నరములు పక్వము కావు గనుక వారికి నొప్పి అంతగా తెలియదని, 1980 దశకము వఱకు పెద్ద దేశములలో సైతము పసికందులకు తగినంత మత్తుమందు లేకుండ శస్త్రచికిత్సలు జరిగినవి. ఇందూరులో చదివి ఆక్సుఫర్డునకు పోయిన డాక్టరు ఆనంద్ అను మన దేశీయుడు, శస్త్రచికిత్స వేళ శిశువు నెత్తురులో కలుగు మార్పులను కొలిచి, సరియైన మత్తుమం దిచ్చిన బిడ్డలు మేలుగా కోలుకొందురని 1987 లో చూపెను. తల్లి చంక నున్న బిడ్డ సూదిపోటునకు కెవ్వున నేడ్చుట ఎన్ని తరముల తల్లులు చూడలేదు! శాస్త్రమునకు అది తెలియుటకు అంత కాల మయ్యెను.

రెండవది చట్టము. 1985 లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. మత్తునకు వాడువారిని అరికట్టుటకు వచ్చిన చట్టము నొప్పికి వాడువారిని గూడ అరికట్టినది. పలు శాఖల అనుమతిపత్రములు కావలసి వచ్చుటచే ఆసుపత్రులు మార్ఫీను తెప్పించుటయే మానినవి. దేశమున దాని వాడుక 1997 నాటికి నూటికి 90 పాళ్లకు మించి తగ్గిపోయెను. మధ్యప్రదేశము, రాజస్థానము, ఉత్తరప్రదేశములలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి పరదేశములకు పంపు దేశము మనది. మన బిడ్డలకు మాత్రము అది అందలేదు. 2014 లో చట్టమును సవరించి, ఒకే అధికారి అనుమతితో ఆసుపత్రులు తెప్పించుకొను ఏర్పాటు చేసిరి. కాని ముప్పది యేండ్లలో ఒక తరము డాక్టర్లు ఆ మందును చేతితో ముట్టకయే వైద్యము నేర్చి, వృద్ధులైరి.

మూడవది చదువు. ఇది మా ఊరి డాక్టరుగారి నోటనే వింటిమి. పిల్ల నిదురించుచున్నదని విని చూడవచ్చిరి. మందుచీటి చేతికి తీసికొని చాలసేపు చదివిరి. "అమ్మా! నేను చదివిన యేండ్లలో నొప్పిని గూర్చి సరియైన పాఠ మొక్కటియు వినలేదు. జబ్బును గెలుచుట నేర్పిరి. గెలువలేనప్పుడు గదిలోనికి ఎట్లు పోవలెనో నేర్పలేదు. అందుచే మేము పోవుటయే మానివేయుదుము" అనిరి. ఆ పిమ్మట మందుచీటిని తన పుస్తకములో ఎత్తి వ్రాసికొనిరి. 2019 నుండి వైద్యవిద్యార్థుల పాఠ్యక్రమమునందు ఈ విషయమునకును, రోగితో మాటాడు పద్ధతికిని చోటు కల్పించిరి. మా యెదురింటి మేనగోడలు ముఖముల బొమ్మ చూపుటకును, మా డాక్టరుగారు చూపకుండుటకును గల భేదము హృదయములో లేదు, చదువులో నున్నది.

పలు దేశములలో వైద్యులను ప్రశ్నించి చేసిన పరిశీలనలలో ఈ సంగతులే మరల మరల కనబడుచున్నవి. ఉపశమన మన్నచో మరణశయ్య యని తలచుట, మార్ఫీను అన్నచో జంకుట, తలిదండ్రులకు చెప్పుట యెట్లో తెలియక తప్పించుకొనుట. అయితే ఈ కడపటి దోషమున పాలు మనకును కలదు. ఇక మా తప్పు చెప్పుకొందుము.

పట్నపు వైద్యులు పిల్ల యెదుట మాటాడరైరి అని పైన నిష్ఠూరమాడితిమి. కాని మొదటి దినముననే, "పిల్లకు ఏమియు తెలియనీయకుడు, మీకు పుణ్య ముండును" అని వారి చేతులు పట్టుకొన్నది మేమే. ఒక రాత్రి పిల్ల అడిగెను: "చిన్నమ్మమ్మా! డాక్టరుగారు నాతో మాటాడక అమ్మనే బయటకు పిలుచుదు రేమి?" మందుల లెక్క చెప్పుటకమ్మా అంటిమి. "అయితే లోపలికి వచ్చి నీ వేడ్చితి వేమి?" అనెను. మాకు సమాధానము రాలేదు. దీపము తగ్గించి పండుకొను మంటిమి. ఆ పిల్ల మఱెన్నడును మమ్ము అడుగలేదు. వారము తిరుగక తన రంగుపెన్సిళ్ల డబ్బా తమ్ముని కిచ్చి, మూత మెల్లగా తీయవలెనని నేర్పుచుండగా చూచితిమి. దానికి తెలియనిదేమి?

ఉపశమన వైద్యురాలితో ఈ సంగతి చెప్పితిమి. బిడ్డలు ఎఱుగుదురని ఆమె యనెను. మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అను స్త్రీ అమెరికాలో ఒక ఆసుపత్రియందు రక్తకాన్సరు బిడ్డల నడుమ మెలగి 1978 లో ఒక గ్రంథము ప్రకటించెను. ఎవరును చెప్పకున్నను బిడ్డలు తమ స్థితి గ్రహింతురనియు, పెద్దలు బాధపడుదురని తామే తెలియనట్లు నటింతురనియు అందు వ్రాసెను. బిడ్డలను కాన్సరుచే కోల్పోయిన తలిదండ్రులను స్వీడను దేశమున అడిగి 2004 లో ప్రకటించిన లెక్కయు నొకటి కలదు. బిడ్డతో మృత్యువును గూర్చి మాటాడిన 147 మందిలో అట్లు మాటాడితి మేల యని వగచిన వారు ఒక్కరును లేరు. మాటాడని 258 మందిలో 69 మంది, అయ్యో మాటాడమైతి మేయని వగచిరి. అంతయు ఒక్కసారి కుమ్మరింపవలదు, అడిగినంతకే చెప్పుడు, అబద్ధ మాత్రము చెప్పకుడు, "నీకేమి తోచుచున్నది?" అని ముందు మీరే అడుగుడు, అని ఆ వైద్యురాలు తల్లికి నేర్పెను.

తల్లి మాకన్న ధైర్యశాలి. ఒకనాటి రాత్రి తలుపు దగ్గరగా వేసి కూతురితో మాటాడెను. ఏమి మాటాడుకొనిరో మేము అడుగలేదు. మఱునాడు పిల్ల, ఒక్కపూట బడికి పోవలె ననెను. మందు వేళ చూచుకొని తండ్రి ఎత్తుకొని తీసికొనిపోయెను. రెండు గంటలు తన బల్లమీద కూర్చుండి వచ్చెను. కోరికలు అట్టివే: బడి, తమ్ముని ప్రక్కన పండుకొనుట, రాత్రి దీప మార్పకుండుట.

బాధ యంతయు మాయమైనదని చెప్పిన అబద్ధమగును. రెండు రాత్రులు నొప్పి తిరుగబడెను. ఫోనులో అడిగి మోతాదు పెంచితిమి. కడపటి వారములలో ఆయాసము వచ్చెను. ఆ మార్ఫీనే కొలదిగా ఆయాసమును సైతము తగ్గించునని అప్పుడు తెలిసెను. ముఖమునకు మెల్లగా గాలి తగిలిన ఊపిరి తేలికగా తోచునని వైద్యురాలు చెప్పగా, మేము తాటాకు విసనకఱ్ఱ పట్టుకొని ప్రక్కన కూర్చుండెడి వారము. నోట చెప్పలేనిది చేతితో చేయుచున్నామని మనస్సు సమాధానపఱచుకొంటిమి. మందు మొదలిడిన 71 వ దినమున, తెల్లవాఱుజామున, తల్లి ఒడిలో కన్ను మూసెను. ముఖము బిగిసి యుండలేదు. ఆ తల్లికి నేటికిని అదియే ఊఱట.

71 దినములు మాకు దక్కినవి. ముందటి 26 దినములు దక్కలేదు. అడుగ నేర్చిన యెడల అవియు దక్కెడివి. కావున సోదరీమణులారా, మీ యింట గాని ఇరుగుపొరుగున గాని బిడ్డకు పెద్ద జబ్బు చేసినచో, వైద్యము సాగుచుండగనే, కడపటి వఱకు ఆగక, డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్న లడుగుడు. మా బిడ్డ నొప్పిని ఎట్లు కొలుచుచున్నారు? ఈ ఆసుపత్రిలో గాని దగ్గరలో గాని ఉపశమన వైద్యము చేయువా రెవరు? రాత్రి నొప్పి వచ్చిన మేమేమి వేయవలెను, ఎవరిని పిలువవలెను? అడిగిన డాక్టరుగారు నొచ్చుకొందురని జంకకుడు. ఎఱిగినవారు సంతోషింతురు. ఎఱుగనివారు మా ఊరి డాక్టరుగారివలె చీటి వ్రాసికొందురు. వారు ఇప్పుడు మార్ఫీను అనుమతి గల వైద్యశాలకు తామే ఉత్తరము వ్రాసి రోగులను పంపుచున్నారు. మొన్న ఒక బిడ్డను అట్లు పంపిరని విని, మేము ఆ యింటికి పోయి చూచి వచ్చితిమి. బిడ్డ నిదురించుచుండెను.

నాలుగవ ప్రశ్న డాక్టరుగారి నడుగునది కాదు, మన బిడ్డ మనల నడుగునది. అది వచ్చినప్పుడు మాత్రము మేము చేసినట్లు దీపము తగ్గింపకుడు.